కోషెర్‌బాయ్ ఇంటి ఉప్పు

తమ్ముణ్ని మట్టిలో పెట్టి ఇంటికి వచ్చిన రోజున నా చేతిలో మిగిలినవి ఎక్కువేం కావు. ఒక గది దుకాణం, అందులో పిండి బస్తాలు, టీ పొట్లాలు, బండి టైర్లు, రెండు పీపాల పెట్రోలు. తమ్ముడి మోటారు సైకిలు, ముందు చక్రం వంకరపోయి. వాడి దుర్భిణి, ఒక కన్ను పగిలి. ఇవి కాక ఇంకొకటి ఉంది, ఏ కాగితంలోకీ ఎక్కనిది. వాణ్ని చంపిందెవరో నాకు తెలుసు.

తమ్ముడి పేరు సగిందిక్. ఉస్త్‌యుర్త్ పీఠభూమి మీద సైగా జింకల కాపలా దళంలో పనిచేసేవాడు. సైగా పోతుకు మాత్రమే కొమ్ములుంటాయి. ఆ కొమ్ములు మందులకని సరిహద్దు దాటిపోతాయి. మా కరాకుదుక్ ఊళ్ళో ఆ కొమ్ములు కొనేవాడు ఒక్కడే, కోషెర్‌బాయ్. నాలుగు వందల గొర్రెలు, రెండు జీపులు, ఊళ్ళోకెల్లా పెద్ద ఇల్లు. వయసులో పెద్ద కాబట్టి అందరం గౌరవంగా కోషెకె అనే పిలిచేవాళ్ళం. తమ్ముడు ఒకే ఏడాదిలో వాడి సరుకు రెండుసార్లు పట్టుకున్నాడు. మూడోసారి ఎండిన వాగులో మోటారు సైకిలు కింద శవమై దొరికాడు. బండి జారిందని అధికారి రాసుకున్నాడు.

నేను వెళ్ళేసరికి నేల మీద జీపు జాడలు ఇంకా ఉన్నాయి. నాలుగు చక్రాల్లో కుడివైపు వెనకది వేరే రకం. దాని జాడలో ప్రతి ఏడడుగులకీ ఏటవాలుగా ఒక గాటు. ఆ టైరు నాకు తెలుసు. గాటు ఉందని ధర తగ్గించి కోషెర్‌బాయ్‌కి అమ్మింది నేనే. అధికారిని పిలుచుకొచ్చేలోపు గాలి లేచింది. ఆయన వచ్చి చూసేసరికి వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. నేను నోరెత్తలేదు. చేతిలో సరుకు లేకుండా ధర చెప్పే అలవాటు నాకు లేదు.

ఏడో రోజు భోజనానికి కోషెర్‌బాయ్ కూడా వచ్చాడు. నా దస్తర్‌ఖాన్ ముందు కాళ్ళు మడుచుకుని కూర్చుని, గుడ్డ మీద పరిచిన రొట్టె తుంచుకుని, మాంసం తిని, మీసం తుడుచుకున్నాడు.

“దేవుడి రాత, తోరెహాన్. మోటారు సైకిలు మీద అంత వేగం పనికిరాదని వాడికి నేనే చెప్పాను.”

“ఎప్పుడు చెప్పావు, కోషెకె?”

“మా ఇంటికి సోదాకి వచ్చినప్పుడు. అమ్మ రొట్టె పెడితే ముట్టలేదు. డ్యూటీలో ఉన్నానన్నాడు. కుర్రతనం.”

మా వాళ్ళలో ఒక ఇంట రొట్టె తుంచి నోట పెట్టుకుంటే, ఆ తర్వాత ఆ ఇంటి మీద చెయ్యెత్తడానికి లేదు. తొందరలో ఉన్నా, గుమ్మంలోనుంచే వెనక్కి తిరుగుతున్నా, ఒక ముక్క తిని పొమ్మంటారు. తిని ద్రోహం చేసినవాడికి ఎవరూ పిల్లనివ్వరు, వాడి శవాన్ని మొయ్యడానికీ రారు. తమ్ముడు తినకపోవడమే కోషెర్‌బాయ్‌ని భయపెట్టిందని నాకు ఆ పూట అర్థమైంది. నేనూ ఈ మనుషుల్లో ఒకణ్నే. కాబట్టి మొదటి పని తేలిపోయింది. కోషెర్‌బాయ్ ఇంటి ఉప్పు నా నాలుకకి తగలకూడదు. తక్కినవన్నీ ఆ తర్వాత.

అక్త్యూబె నుంచి జింకల సంరక్షణ కార్యక్రమం నడిపే రౌషన్ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. తమ్ముడంటే ఆమెకి గౌరవం. మా ప్రాంతంలో జింకల లెక్కలు చూసే మనిషి కోసం వెతుకుతోంది.

“మీకు జింకలంటే ఇష్టమేనా, ఆగా?” అని అడిగింది. మా వైపు అన్నలాంటివాణ్ని అలాగే పిలుస్తారు.

“లేదు.”

“మరి చేస్తానంటున్నారు?”

“నీకు లెక్క తప్పని మనిషి కావాలి. నాకు ఈ నేల మీద ఎవరి బండి ఎటు పోతోందో చూసే పని కావాలి. బేరం కుదిరినట్టే కదా.”

“సగిందిక్ మాత్రం ఆ జింకలకి ప్రాణం పెట్టేవాడు.”

“పెట్టేశాడు కదా,” అన్నాను.

ఆమె తల వంచుకుంది. మర్నాడు సంతకం పెట్టించుకుంది.

ఐదుగురు గొర్రెల కాపర్లను వెంట పెట్టుకున్నాను. మే నెలలో ఈతలప్పుడు ఒక లెక్క, శీతాకాలం మొదట్లో పోతులు మందలు కట్టేటప్పుడు ఇంకొకటి. ఈతల లెక్క నడిచి చెయ్యాలి. వరసగా దూరం దూరంగా నిలబడి, ఒకే దిక్కుకి పోతూ, కనబడిన ప్రతి పిల్లనీ, అది ఎంత దూరంలో ఉందో రాయాలి. పుట్టిన రోజు సైగా పిల్ల మట్టిగడ్డలా నేలకి అంటుకుని ఉంటుంది. కాలు పక్కన వేసినా కదలదు. తల్లులు దూరంగా నిలబడి ఆ వేలాడే ముక్కులతో చూస్తుంటాయి. చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రాదని కాపర్లకి చెప్పి చెప్పి నా గొంతు పోయేది. మొదటి ఏడు మా వాటాకి వచ్చిన నేల మీద మూడు వందల పన్నెండు పిల్లలు. కొన్ని పోతులకీ ఆడవాటికీ మెడకి పట్టీలు కట్టాం. ఆ పట్టీలోని యంత్రం ఉపగ్రహానికి కబురు పంపితే, ఆ జింక ఎక్కడుందో రౌషన్ ఫోనులో చుక్కగా కనబడుతుంది.

సరుకు ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎవరు ఎత్తుకుపోయారు. దుకాణం పనే ఇదీను. కాకపోతే గోడలు లేవు.

ఒకరోజు కోషెర్‌బాయ్ దుకాణం ముందు జీపు ఆపాడు.

“జింకల్ని లెక్కపెడుతున్నావట. మా గొర్రెల్ని కూడా పెట్టిపోరాదూ, ఎన్నున్నాయో నాకే తెలీదు.”

“తోలుకురా కోషెకె. కాళ్ళు లెక్కేసి నాలుగుతో భాగిస్తాను.”

నవ్వాడు. “ఇంటికి రా. టీ తాగి పో.”

“గడ్డం చూడు, మట్టి కొట్టుకుపోయి ఉన్నాను. ఇంకోసారి.”

ఇలా మూడేళ్ళు తప్పించుకున్నాను. పిలిస్తే గుమ్మం బయటే మోటారు సైకిలు దిగకుండా మాట్లాడేవాణ్ని. ఒకసారి పంటినొప్పి. ఒకసారి దుకాణం తలుపు తెరిచే ఉంచి వచ్చానన్నాను. అతని తల్లి బాతిమా అపా పళ్ళెంలో రొట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి నేను బండి తిప్పేసి ఉండేవాణ్ని.

ఆ మూడేళ్ళలో అతని మనుషుల్ని నాలుగుసార్లు పట్టించాను. పెట్రోలు నా దగ్గరే కొంటారు. ఎవడు ఎంత పోయించుకున్నాడో చూస్తే ఎంత దూరం వెళ్తున్నాడో తెలుస్తుంది. మెడపట్టీల చుక్కలు ఏ వైపున్నాయో చూస్తే ఎటు వెళ్తున్నాడో తెలుస్తుంది. మనుషులు దొరికారు, జైలుకి పోయారు. కోషెర్‌బాయ్ పేరు మాత్రం ఒక్కడూ చెప్పలేదు. వాళ్ళలో ఒకణ్ని, పెళ్ళాం నిండు నెలలతో ఉన్నవాణ్ని, పోలీసు బండి పక్కన నేనే అడిగాను.

“నీ పిల్ల పుట్టేసరికి నువ్వు లోపలుంటావు. పంపినవాడి పేరు చెప్పు, సగం తగ్గుతుంది.”

“ఆయన ఇంట్లో తిన్నాను ఆగా. నన్నడక్కు,” అన్నాడు.

కోషెర్‌బాయ్ కోట గోడ అదీ. తుపాకీలు కాదు, డబ్బు కాదు. ఎవడితో బేరం కుదిరినా ముందు ఇంటికి పిలిచి తల్లి చేతి రొట్టె తినిపించేవాడు. తిన్నవాడి నోరు మూతపడేది. ఆ ముసలావిడకి తన రొట్టె దేనికి పనికొస్తోందో తెలియదు.

నాలుగో శీతాకాలం వాన కురిసి, కురిసిన వాన కురిసినట్టే గడ్డకట్టింది. మంచుపెచ్చు కింద గడ్డి అందక నూట నలభై పోతులు చచ్చాయి. కాపర్లు ఏడుస్తూ తిరిగారు. నేను కొమ్ములు కోయించి, ప్రతి కొమ్ముకీ సంఖ్య వేయించి, మా జింకల కేంద్రంలో పెట్టి తాళం వేశాను. తాళం వేస్తుంటే తట్టింది. రౌషన్‌నీ జిల్లా పోలీసు కెప్టెన్‌నీ కూర్చోబెట్టి చెప్పాను.

“అరవై కొమ్ములు నేను దొంగతనంగా అతనికి అమ్ముతాను. అతని దగ్గర పాత నిలవ ఎక్కడో ఉంది. ఇవీ అక్కడికే చేరతాయి.”

“తీసుకునేటప్పుడే పట్టేద్దాం,” అన్నాడు కెప్టెన్.

“అప్పుడే పట్టుకుంటే చచ్చినవాటి కొమ్ములు ఏరుకున్నానంటాడు. రెండేళ్ళలో బయటికి వస్తాడు. నాకు రెండేళ్ళు చాలవు.”

రౌషన్ నన్ను అదోలా చూసింది. “మీకు కావలసింది జింకల గురించేనా, ఆగా?”

“జింకలకీ లాభమే. ఎవరి లాభం ఎంతని ఇప్పుడెందుకు.”

కొమ్ముల బోలులో, ఒక ప్రత్యేకమైన ఊదా దీపం కింద మాత్రమే కనబడే గుర్తు ఆమె పెట్టింది. కొమ్ములు గలగలమనకుండా మా వైపు ఉన్నికంబళిలో చుడతారు. చచ్చిన ఒక జింక మెడపట్టీలోంచి యంత్రం విప్పదీసి, కంబళి మడతలో పెట్టి నేను కుట్టాను. అగ్గిపెట్టెంత ఉంది.

మిగిలింది ఒక చిక్కు. తన ఇంట్లో తినందే కోషెర్‌బాయ్ బేరం చెయ్యడు. తింటే నేను ఏమీ చెయ్యలేను. అందుకు క్యాలెండరు చూశాను. ఆ ఏడు ఉపవాస నెల మేలో పడింది. ఉపవాసాల మూడో రోజున, మిట్టమధ్యాహ్నం, మొదటిసారి అతని గుమ్మం దాటాను.

“ఇన్నాళ్ళకి వచ్చావు, నా చేత ఒక్క ముక్కయినా పెట్టించుకోవు,” అన్నాడు కోషెర్‌బాయ్.

“దేవుడితో నువ్వు మాట్లాడుకో కోషెకె. నాకు ఉపవాసం.”

“పొద్దు గుంకాక మాట్లాడుకుందాం.”

“పొద్దు గుంకేదాకా కేంద్రం తాళాలు నా జేబులో ఉండవు. రౌషన్ రేపు లెక్క చూసుకోవడానికి వస్తోంది. ఇవాళ అయితే అరవై కొమ్ములు. రేపయితే సున్నా.”

“నీ తమ్ముడు జింకల కోసం చచ్చాడు. నువ్వు అమ్ముతున్నావు.”

“వాడికి వ్యాపారం తెలీదు.”

ఆ మాట అంటున్నప్పుడు నా నోట్లో తడి లేదు. ఉపవాసం వల్ల కాదు. అతను మాత్రం నమ్మాడు. దురాశ అతనికి అర్థమయ్యే భాష. సరుకు నీ మనుషులకి ఇవ్వను, తాగి వాగుతారు, నీ చేతికే ఇస్తాను అన్నాను. అదీ నచ్చింది.

బాతిమా అపా అన్నీ వింటోందో లేదో తెలియదు, లేస్తుంటే గుడ్డలో మూట కట్టి నా చేతిలో పెట్టింది. వేడి తగ్గని రొట్టెలు.

“పొద్దు గుంకాక తిను నాయనా. మా ఇంటికొచ్చి వట్టి చేతులతో పోతారా?”

“మీ ఇంట నోట్లో పడినా మా ఇంట పడ్డట్టేలే,” అన్నాడు కోషెర్‌బాయ్ తృప్తిగా.

రొట్టెని పారెయ్యడం పాపం. కుక్కకి వెయ్యడం ఇంకా పాపం. ఊరి బయట కారులో కూర్చున్న రౌషన్ ఒళ్ళో మూట పెట్టాను. ప్రయాణంలో ఉన్నానని ఆమె ఉపవాసం లేదు. అక్కడే రెండు తినేసింది.

“బాగున్నాయి. ఎవరివి?”

“కోషెర్‌బాయ్ ఇంటివి.”

నమలడం ఆపింది. “అయితే ఇప్పుడు నేను ఆయన్ని పట్టించకూడదా?”

“నిన్నెవరు పిలిచారు అతనింటికి? నువ్వు నా దగ్గర తిన్నావు. నన్ను పట్టించకు, చాలు.”

ఆ సాయంత్రమే పాత బావి దగ్గర కోషెర్‌బాయ్ ఒంటరిగా వచ్చి, కొమ్ముల్ని తన తక్కెడలో తూచుకుని, కంబళితో సహా జీపులో వేసుకుపోయాడు. రౌషన్ ఫోనులో చుక్క ఊరి వైపు కదిలింది, పక్కకి తిరిగింది, ఒకచోట ఆగింది. తర్వాత ఆరిపోయింది.

మర్నాడు పొద్దున కూడా చుక్క లేదు. “యంత్రం పాడైంది ఆగా,” అంది రౌషన్.

“పాడవలేదు. దానికి ఆకాశం కనబడటం లేదన్నమాట. ఆ చుట్టుపక్కల పైకప్పున్నది ఏముంది?”

చూపించిన చోటు మా శ్మశానం. అందరి సమాధుల మీదా రాళ్ళే. గుమ్మటం కట్టింది ఒక్క సమాధికే, కోషెర్‌బాయ్ తండ్రికి. ఇనప తలుపు, దానికి తాళం.

నాకు నవ్వొచ్చింది. మా నేల మీద ఏ పోలీసూ సోదా చెయ్యని చోటు అదొక్కటే. కెప్టెన్‌కి చెబితే తెల్లబోయాడు. “సమాధి తలుపు విరగ్గొడితే ఊరు ఊరంతా నా మీద పడుతుంది. కుటుంబం వాళ్ళు తెరిస్తే సరే.”

ఆ రోజు శుక్రవారం. శుక్రవారాలు ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర నూనెలో ఏడు పల్చటి రొట్టెలు వేయిస్తారు. బాతిమా అపా వేయించి, మొగుడి సమాధి దగ్గర కూర్చుని ప్రార్థన చదివి వస్తుంది. మోకాళ్ళ నొప్పులతో లోపలికి వెళ్ళడం మానేసి నాలుగేళ్ళయింది, బయట రాతి మీదే కూర్చుంటుంది. నేను వెళ్ళేసరికి ఆ రాతి మీదే ఉంది. నడుముకి తాళం చెవి వేలాడుతోంది.

“అపా, ఈ తలుపు తీయాలి.”

“ఎందుకు?”

“లోపల మీ ఆయన ఒక్కడే లేడు.”

“నువ్వు మా ఇంట ఏనాడూ తినలేదు. నేను గమనిస్తూనే ఉన్నాను. ఎవరి మీదో కక్ష ఉందనుకున్నాను.” చెవి నాకివ్వలేదు. తనే లేచి, గోడ పట్టుకుని నడిచి, తలుపు తీసింది.

సమాధి మీదా చుట్టూరా బస్తాలు, ఒకదాని మీద ఒకటి గుమ్మటం దాకా. మొగుడి పేరు చెక్కిన రాయి కనబడటం లేదు. అన్నిటికీ పైన నా కంబళి మూట. ముసలావిడ ఒక బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టింది. కొమ్ము బయటికి తీసి, ఏమిటో తెలియనట్టు తిప్పి చూసింది.

“నాలుగేళ్ళు వీటికి ప్రార్థన చదివానన్నమాట,” అంది.

కెప్టెన్ కోషెర్‌బాయ్‌ని అక్కడికే తీసుకొచ్చాడు. రౌషన్ దీపం పట్టి కొమ్ముల బోలులో గుర్తులు చూపించింది. అతను తన ధీమా వదల్లేదు.

“తాళం చెవులు రెండున్నాయి. ఎవడు పెట్టాడో నాకేం తెలుసు?”

“రెండోది నీ నడుం పట్టీకే ఉంది,” అంది తల్లి.

అప్పుడు నా వైపు తిరిగాడు. “నా ఇంట్లో కూర్చున్నావురా.”

“కూర్చున్నాను. తినలేదు.”

“అమ్మ కట్టిచ్చింది కదా.”

“అవి రౌషన్ తింది. బాగున్నాయంది.”

అతని మొహంలో రంగు పోవడం చూశాను. నాలుగేళ్ళలో నాకు కడుపు నిండిన క్షణం అదొక్కటే. నాలుగు ఉపవాస నెలలైనా దాని కోసం ఉండేవాణ్ని.

కానీ అది కొమ్ముల లెక్క. తమ్ముడి లెక్క ఇంకా అలాగే ఉంది. అతన్ని బండెక్కించాక బాతిమా అపా నన్ను పక్కకి పిలిచింది.

“నీ తమ్ముడు పోయిన రోజు మా బండి ఇంటికి ఎలా వచ్చిందో నేను చూశాను. ముందు భాగం నొక్కుకుపోయి ఉంది. నెత్తురు కడిగారు. వెనక టైరు తీసి పొయ్యిలో కాల్చారు. గొర్రె అడ్డం వచ్చిందన్నారు. నమ్మాను. నమ్మాలనుకున్నాను.”

“ఈ మాట కోర్టులో చెప్తావా?”

“చెప్తాను. నడిపింది నా కొడుకు. పక్కన కూర్చున్నది నా మనవడు అల్దియార్. అప్పటికి వాడికి పదిహేడు. దూకేస్తానని ఏడ్చాడట, నాతో చెప్పాడు. ఉపవాసాలు ముగిసే పండగనాడు నువ్వు మా ఇంటికొచ్చి తినాలి. అలాగంటే చెప్తాను.”

ఆమె ఏం అడుగుతోందో నాకు తెలుసు. తిన్నానంటే ఆ ఇంటి మీద నా చెయ్యి ఇక లేవదు. కొడుకుని ఇచ్చి మనవణ్ని కొనుక్కుంటోంది. నేను లెక్కలో పెట్టుకున్నవి ఆ జీపులో ఎందరుంటే అన్ని తలలు. ఏడ్చాడో లేదో ఎవరు చూశారు? బండి ఆగలేదు కదా. ఆమె చెప్పకపోతే జాడలు ఇసుకలో కలిసిపోయాయి, టైరు బూడిదైంది, కొమ్ముల కేసు తప్ప నా దగ్గర ఏమీ లేదు. నా జన్మలో ఇంత గట్టిగా బేరమాడినవాళ్ళు లేరు. ధర తగ్గదని ఆమె మొహంలోనే ఉంది.

“వస్తాను,” అన్నాను.

పండగనాడు మా ఊళ్ళో ప్రతి ఇల్లూ తిరిగి తింటారు. కోషెర్‌బాయ్ ఇంటికి ఆ రోజు ఎవరూ వెళ్ళలేదు. తండ్రి సమాధిని గోదాము చేసినవాడి గడప ఎవరు తొక్కుతారు. నిండుగా పరిచిన దస్తర్‌ఖాన్ ముందు ముసలావిడ ఒక్కతే కూర్చుని ఉంది. అల్దియార్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, నన్ను చూసి తలుపు వైపు చూశాడు. వాడికి ఇరవై ఒకటి. నా తమ్ముడి కంటే పొడుగు.

“కూర్చో,” అంది ఆమె వాడితో. “ఇప్పుడు భయం లేదు.”

రొట్టె తుంచాను. నోట్లో పెట్టుకున్నాను. బాగా ఉప్పగా ఉంది, లేక నాకే అనిపించిందేమో. మింగడానికి టీ రెండు గుక్కలు పట్టింది.

శీతాకాలం మొదట్లో ఆమె కోర్టులో ముక్క వదలకుండా అంతా చెప్పింది. కొడుకు వైపు ఒక్కసారీ చూడలేదు.

కాబట్టి ఇప్పుడు లెక్క ఇది. కోషెర్‌బాయ్‌కి కొమ్ములకీ ప్రాణానికీ కలిపి పద్దెనిమిదేళ్ళు. బయటికొచ్చేసరికి డెబ్భై రెండు, వచ్చినా అతనితో కూర్చుని టీ తాగే మనిషి ఈ పీఠభూమి మీద ఉండడు. జీపులు పోయాయి. ఎనిమిది వందల పదహారు కొమ్ముల్ని ఊరి ముందు పోగుపోసి కాల్చాం, ఆ కంపు మూడు రోజులు పోలేదు, నేను మూడు రోజులూ కిటికీ తెరిచే ఉంచాను. అతని కింద పనిచేసిన ఇద్దరు ఇప్పుడు నా కాపర్లతో పాటు నడుస్తున్నారు, జింకలు దాక్కునే చోట్లు వాళ్ళకి నా కంటే తెలుసు. ఈ మేలో మా వాటా నేల మీద రెండు వేల నూట యాభై మూడు పిల్లలు. రౌషన్ సంబరపడి రెండోసారి లెక్కపెట్టించింది, అంతే వచ్చింది. బాతిమా అపా నెలకోసారి పిండి కోసం దుకాణానికి వస్తుంది. అసలు ధరకే ఇస్తాను. అల్దియార్ బస్తా మోసుకుపోతుంటే నేను ఇంకో పని చూసుకుంటాను. ఆ ఇంటి నుంచి నాకు రావలసినవి రెండు, వచ్చింది ఒకటి. రెండోది రొట్టెతో పాటు మింగేశాను. తమ్ముడి వైపు మాత్రం ఏమీ జమ కాలేదు.